ఇసుకరాతి శిలల అడవికి వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

రాతి స్తంభాలు, తోరణాలు, మనిషి పట్టీపట్టని సందులు ఉన్న రక్షిత అడవులు ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నాయి. వాటిలో చాలా ఇసుకరాయివే. ఈ రాయి పైకి గట్టిగా కనిపించినా లోపల వదులు. పైనున్న కొన్ని మిల్లీమీటర్ల పెచ్చే దాన్ని కాపాడుతుంది. నీళ్లు పీల్చుకుంటే ఉన్న బలమూ తగ్గుతుంది. ఇలాంటి అడవుల్లో ఎదురయ్యే ప్రమాదాలు, అక్కడ పెట్టే నిబంధనలు చాలావరకు ఈ సంగతి నుంచి వచ్చినవే. టికెట్లు, వేళలు, మూసివేతలు అడవికో తీరుగా ఉంటాయి. బయల్దేరే ముందు రోజు ఆ అడవి అధికారిక వెబ్‌సైట్ చూసుకోండి. మిగతా సందేహాలకు జవాబులు కింద ఉన్నాయి.

ఈ రాళ్లకు ఇంత వింత ఆకారాలు ఎలా వచ్చాయి?

ఇసుకరాయి ఒకప్పుడు ఉత్త ఇసుక. సముద్రం అడుగునో, నదీ పాయల్లోనో, ఎడారి తిన్నెల్లోనో పేరుకున్న ఇసుక పైపొరల బరువుకు అణిగి, రేణువుల మధ్య సిలికా, సున్నం, ఇనుప ఆక్సైడు, బంకమన్ను వంటివి చేరి అతుక్కుంటే రాయి అవుతుంది. రేణువుల పరిమాణం 0.06 మి.మీ. నుంచి 2 మి.మీ. దాకా ఉంటుంది. రాయి ఎంత గట్టిది అన్నది అతికించిన పదార్థాన్ని బట్టి ఉంటుంది. సిలికా అయితే సుత్తికి కూడా తేలిగ్గా లొంగదు. బంకమన్ను అయితే గోటితో గీరినా రాలుతుంది. ఒకే గుట్టలో ఈ రెండు రకాల పొరలూ ఒకదాని మీద ఒకటి ఉండొచ్చు.

భూమి కదలికల వల్ల ఆ రాతిలో నిలువు నెర్రెలు పడతాయి. చాలాసార్లు అవి రెండు దిక్కుల్లో అడ్డదిడ్డంగా సాగి రాతిని గళ్లుగా విడదీస్తాయి. వాననీరు ఆ నెర్రెల్లోకి దిగి, రేణువులను విడగొట్టి, కిందికి మోసుకుపోతుంది. నెర్రె సందు అవుతుంది, సందు లోయ అవుతుంది, మధ్యలో మిగిలింది స్తంభంగా నిలబడుతుంది. చైనాలోని వులింగ్‌యువాన్‌లో ఇలా మిగిలిన స్తంభాలు, శిఖరాలు మూడు వేలకు పైగా ఉన్నాయి. వాటిలో చాలా వాటి ఎత్తు 200 మీటర్లు దాటుతుంది. 1992లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

పుట్టగొడుగు రాళ్లు మరో రకం. కింద మెత్తటి పొర, పైన గట్టి పొర ఉంటే కిందిది ముందుగా అరిగిపోయి సన్నటి మెడ మీద పెద్ద తల మిగులుతుంది.

తోరణాల సంగతి ఇంకా ఆసక్తికరం. బరువు మోసే చోట ఇసుక రేణువులు ఒకదానిలోకి ఒకటి బిగుసుకుని అరుగుదలను తట్టుకుంటాయనీ, బరువు పడని చోట అవి వదులై రాలిపోతాయనీ 2014లో చెక్ పరిశోధకులు ప్రయోగాలతో చూపించారు. తోరణం కాళ్లు నిలబడటానికి పైనున్న బరువే కారణమన్నమాట. ఒక తోరణం కింద నిలబడినప్పుడు ఇది గుర్తుకు తెచ్చుకుంటే ఆ వంపును చూసే చూపే మారిపోతుంది.

గోడల మీద గుంతలు, రంగు చారలు ఏమిటి?

తేనెపట్టు గదుల్లా వరుసగా కనిపించే చిన్న గుంతలు ఉప్పు పని. రాతిలోకి ఇంకిన నీటిలో కరిగిన లవణాలుంటాయి. గోడ దగ్గరికి వచ్చేసరికి నీరు ఆవిరై లవణం స్ఫటికంగా పెరుగుతుంది, పక్కనున్న రేణువులను తోసేస్తుంది. ఆ గుంతల మధ్య గోడలు చాలా పల్చన. వేలు పెట్టి లాగితే ఊడివస్తాయి కాబట్టి పట్టు కోసం అక్కడ చెయ్యి వేయొద్దు.

ఎరుపు, పసుపు, గోధుమ రంగులు ఇనుము వల్ల వస్తాయి. ఇనుము కడుక్కుపోయిన చోట రాయి తెల్లగా ఉంటుంది. ఏటవాలుగా ఒకదానికొకటి కోసుకుంటూ సాగే సన్నటి గీతలు కనిపిస్తే, అవి ఆనాటి ఇసుక తిన్నెలు గాలికో ప్రవాహానికో జరిగిన జాడలు. గీత వాలిన దిక్కే ఆ ప్రవాహం సాగిన దిక్కు. ఆస్ట్రేలియాలోని పర్నులులులో గుమ్మటాల మీద కనిపించే నల్లటి పట్టీలు మాత్రం సజీవమైనవి. బంకమన్ను ఎక్కువగా ఉండి తేమ నిలిచే పొరల మీద సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవులు పెరిగి ఆ రంగు వచ్చింది. తేమ నిలవని పొరలు ఇనుప రంగులోనే ఉండిపోయాయి.

ఎప్పుడు వెళ్తే మంచిది? వాన పడితే ఎన్నాళ్లు ఆగాలి?

రోజులో అయితే తెల్లవారగానే. సన్నటి సందుల్లో ఎదురెదురుగా వచ్చేవాళ్లు తప్పుకోవడానికి చోటుండదు కాబట్టి జనం పెరిగితే నడక కన్నా నిలబడటం ఎక్కువవుతుంది. కొన్ని అడవుల్లో ప్రవేశం గంటల వారీగా ఉంటుంది, ముందే ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకోవాలి. ఆ గంట దాటితే లోపలికి వదలకపోవచ్చు. వాహనం నిలిపే చోటుకు వేరే టికెట్ ఉందేమో కూడా చూసుకోండి. చాలామంది మరిచిపోయేది అదే.

వాన గురించి వచ్చే ప్రశ్న రెండు రకాలు. నడవడానికే అయితే వాన వెలిసిన మర్నాడు చాలా బాగుంటుంది. లోయల్లో పొగమంచు లేస్తుంది, రంగులు ముదురుతాయి, వాగులు పారతాయి. నాచు పట్టిన మెట్లూ, చెక్క వంతెనలూ జారతాయన్న జాగ్రత్త చాలు. రాతి మీద చెయ్యి వేసి ఎక్కే పని ఉంటే మాత్రం తొందరపడకూడదు. తడిసిన ఇసుకరాయి బలం బాగా పడిపోతుంది. బంకమన్నుతో అతుక్కున్న రకాల్లో సగానికి మించి తగ్గవచ్చు. పైన చూడటానికి కొన్ని గంటల్లో ఆరిపోతుంది కానీ లోపలి తడి పోదు. గట్టి వాన తర్వాత 24 నుంచి 72 గంటలు ఆగడం వాడుకలో ఉన్న పద్ధతి. ఎండ తగలని గోడలకు, చలికాలంలో ఇంకా ఎక్కువ పడుతుంది. తేల్చుకోవడానికి తేలిక మార్గం ఒకటుంది. రాతి అడుగున ఉన్న ఇసుకను వేళ్లతో కొంచెం తవ్వి చూడండి. పైపొర కింద తేమ తగిలితే రాయీ తడిగానే ఉందని లెక్క.

మంచు కురిసే ప్రాంతాల్లో చలికాలం చివర, మంచు కరిగే రోజులు అన్నిటికన్నా ప్రమాదకరమైనవి. నెర్రెల్లో గడ్డకట్టిన నీరు పరిమాణంలో సుమారు 9 శాతం పెరిగి రాతిని తోసి ఉంచుతుంది. అది కరగ్గానే ఆ ముక్కకు ఆధారం పోతుంది.

దారి 4 కిలోమీటర్లే అని రాసి ఉంది. ఎంతసేపు పడుతుంది?

మామూలు కొండదారికి గంటకు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట అని వేసే లెక్క ఇక్కడ పనికిరాదు. ఇనుప నిచ్చెనలు, మెట్లు, ఒంగి దూరాల్సిన సందులు, ఎదుటివాళ్ల కోసం ఆగడం అన్నీ కలిపి గంటకు 1.5 నుంచి 2 కిలోమీటర్లు వేసుకోండి. అలా 4 కిలోమీటర్ల చుట్టుదారికి రెండు నుంచి మూడు గంటలు. పిల్లలతో అయితే మరో గంట. లోయల్లో సూర్యాస్తమయానికి చాలా ముందే చీకటి పడుతుంది, కాబట్టి తిరుగు ప్రయాణాన్ని బయటి వెలుగుతో కాకుండా లోపలి వెలుగుతో లెక్కించాలి.

చాలా చుట్టుదార్లు ఒకే దిక్కులో నడవాలని గుర్తులు పెడతారు. సందుల్లో ఎదురుపడకుండా ఉండటానికే ఆ ఏర్పాటు. మధ్యలో వెనక్కి తిరిగితే నిచ్చెన మీద అందరూ చిక్కుకుపోతారు. అలసట తెలిస్తే మొదటి నిచ్చెన ముందే తేల్చుకోండి.

ఏం వేసుకోవాలి, ఏం పట్టుకెళ్లాలి?

రబ్బరు అడుగు ఉండి, గాడులు లోతుగా ఉన్న బూట్లు. బండ మీద పల్చగా పరుచుకున్న వదులు ఇసుక కాలిని జారుస్తుంది. ఎండలో పొడిగా ఉన్న బండ మీద కూడా పడిపోయేవాళ్లు ఎక్కువగా దీనివల్లే పడతారు. ఇనుప మేకులున్న బూట్లు వద్దు, అవి పెచ్చును గీరేస్తాయి. నడక కర్రలకు రబ్బరు తొడుగులు వేయండి, వాటి లోహపు మొనలు కూడా అదే పని చేస్తాయి. నిచ్చెనల దగ్గర కర్రలు మడిచి సంచిలో పెట్టేయాలి, చేతులు రెండూ ఖాళీగా ఉండాలి.

సంచి చిన్నది తీసుకోండి. చెక్ దేశంలోని అడ్ర్‌ష్‌పాఖ్‌లో ఎలుక కన్నం అని పిలిచే సందు వెడల్పు సుమారు 50 సెంటీమీటర్లే. అలాంటి చోట వీపు మీది సంచి భుజాలతో పాటు ఇరుక్కుంటుంది. సంచిని ముందుకు తిప్పి పొట్ట మీద పెట్టుకున్నా ఇరుక్కోవచ్చు. చేత్తో పట్టుకుని పక్కకు తిరిగి నడిస్తే తేలిగ్గా వస్తుంది. పక్కన వేలాడే సీసాలు, కెమెరాలు గోడను గీరుతూ పోతాయి, లోపల పెట్టేయండి.

ఎండాకాలమైనా ఒక పల్చటి చలికోటు ఉంచుకోండి. చల్లగాలి బరువుగా ఉండి లోయ అడుగున నిలిచిపోతుంది. అందుకే లోతైన సందుల్లో పైన కన్నా చాలా చల్లగా ఉంటుంది. మొక్కలు కూడా తలకిందులుగా అమరుతాయి. మామూలు కొండ మీద ఎత్తుకు వెళ్లినకొద్దీ చలిప్రాంతపు మొక్కలు వస్తాయి. ఇక్కడ చలికి అలవాటుపడిన నాచులు, ఫెర్నులు అడుగున ఉంటాయి, ఎండకు ఓర్చే పైన్ చెట్లు స్తంభాల నెత్తిన ఉంటాయి. చెక్ దేశంలోనే తెప్లిత్సే శిలల మధ్య ఒక సందును సైబీరియా అని పిలుస్తారు, దాని చల్లదనం వల్లే.

నుదుటికి కట్టుకునే దీపం, ఈల, గాయాలకు కట్టు, ఫోన్‌కు అదనపు చార్జ్, ఆఫ్‌లైన్ మ్యాపు ఉండాలి.

నీళ్లు ఎన్ని? వాగు నీళ్లు తాగవచ్చా?

మామూలు వాతావరణంలో మనిషికి గంటకు అర లీటరు, గట్టి ఎండలో లీటరు దాకా. అడవిలో దొరుకుతాయి అని నమ్ముకుని వెళ్లకండి. ఇసుకరాయి నీటిని పీల్చేస్తుంది, కాబట్టి గుట్టల మీద వాగులు ఉండవు. ఆ నీరు కింద బంకమన్ను పొర తగిలే దాకా దిగి, అక్కడ ఊటగా బయటికి వస్తుంది. అంటే నీళ్లు ఉంటే లోయ అడుగునే ఉంటాయి, దాహం వేసేది మాత్రం పైన. రాతిలో వడగట్టుకుని వచ్చిన నీరు కదా అని తాగేయొద్దు. ఊట బయటపడిన చోటే జంతువులూ తాగుతాయి. తప్పనిసరైతే బాగా తెర్లిన తర్వాత ఒక నిమిషం, 2,000 మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు మరిగించాలి.

జీపీఎస్ మీద ఆధారపడవచ్చా?

గుట్టల మీద పనిచేస్తుంది. సందుల్లో పనిచేయదు. ఎత్తైన గోడల మధ్య ఆకాశం సన్నటి చీలికలా కనబడుతుంది, ఉపగ్రహాల సంకేతాలు గోడలకు తగిలి ఆలస్యంగా చేరతాయి, ఫోన్ మిమ్మల్ని పక్క లోయలో చూపిస్తుంది. రాళ్లన్నీ ఒకేలా కనిపించడం ఇంకో చిక్కు. ప్రతి కూడలి దగ్గర ఆగి, వెనక్కి తిరిగి ఒక ఫొటో తీసుకోండి. తిరుగు దారిలో మీకు కనిపించేది ఆ వైపే.

దారి తప్పితే గుర్తు చివరిసారి చూసిన చోటుకు వెనక్కి వెళ్లాలి. అడ్డదారిన గుట్ట దిగే ప్రయత్నం చేయకూడదు. పైనుంచి చూస్తే వాలుగా కనిపించేది ఒక్కసారిగా నిట్టనిలువు గోడ దగ్గర ఆగిపోతుంది. అప్పటికి దిగలేరు, దిగిన ఇసుక వాలు మళ్లీ ఎక్కలేరు. రక్షణ సిబ్బంది రావాల్సిన సందర్భాల్లో ఇది ముఖ్యమైనది.

పిల్లలు, పెద్ద వయసువాళ్లు, చక్రాల కుర్చీ ఉన్నవాళ్లు వెళ్లవచ్చా?

చాలా అడవుల్లో ప్రవేశం దగ్గరి లోయదారి చదునుగా ఉంటుంది, మంచి శిలలు కొన్ని అక్కడి నుంచే కనిపిస్తాయి. చక్రాల కుర్చీకి ఎంత దూరం వీలవుతుందో ముందే ఫోన్ చేసి కనుక్కోవడం మేలు. "అందుబాటులో ఉంది" అని రాసిన దారిలోనూ ఒక్క మెట్టు అడ్డుపడవచ్చు. అడగాల్సిన ప్రశ్నలు ఇవి: అన్నిటికన్నా సన్నని చోటు ఎన్ని సెంటీమీటర్లు, మెట్లు ఉన్నాయా, నేల ఇసుకా చెక్కా కంకరా.

పిల్లలను వీపున మోసే ఫ్రేములు సందుల్లో పట్టవు, పిల్లల తల గోడకు తగులుతుంది. గుడ్డతో ఒంటికి కట్టుకోవడమే మంచిది. నడిచే పిల్లలు నిచ్చెన ఎక్కేటప్పుడు పెద్దవాళ్లు ఒక మెట్టు కింద ఉండాలి. దిగేటప్పుడూ పెద్దవాళ్లే ముందు దిగాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఎక్కడం కన్నా దిగడం కష్టం. ఇరుకు చోట్లంటే భయం ఉన్నవాళ్లు ఒకే దిక్కు దారుల్లోకి వెళ్లకుండా, వచ్చిన దారినే తిరిగి రాగల దారి ఎంచుకోవాలి.

కుక్కను తీసుకెళ్లే వీలున్న చోట తాడు విప్పకండి. రంధ్రాలున్న ఇనుప మెట్ల మీద వాటి గోళ్లు ఇరుక్కుంటాయి. ఎత్తుకుని నిచ్చెన ఎక్కగలిగేంత చిన్న కుక్క కాకపోతే ఇంటి దగ్గరే ఉంచడం దానికీ మంచిది.

రాళ్లు ఎక్కవచ్చా?

గుర్తించిన దారి, వీక్షణ వేదిక తప్ప మిగతావేవీ ఎక్కవద్దు. తాళ్లతో చేసే రాతి ఆరోహణ కొన్ని అడవుల్లో కొన్ని స్తంభాల మీద మాత్రమే అనుమతిస్తారు. దాని నియమాలు గట్టి రాళ్ల మీది నియమాలకు పూర్తిగా వేరు. జర్మనీలోని సాక్సన్ స్విట్జర్లాండ్‌లో విడిగా నిలిచిన స్తంభాలే ఎక్కాలి, నెర్రెల్లో లోహపు పరికరాలు బిగించకూడదు, ముడివేసిన తాళ్లనే ఇరికించాలి, పట్టు కోసం చేతులకు మెగ్నీషియం కార్బొనేట్ పొడి రాసుకోకూడదు, రాయి తడిగా ఉంటే ఎక్కనే కూడదు. లోహపు పరికరం బరువు పడగానే నెర్రె అంచును నలిపేస్తుంది. పరికరం జారుతుంది, నెర్రె కూడా పాడవుతుంది. తాడు ముడి మెత్తగా సర్దుకుంటుంది. గ్రానైట్ మీద ఎంత అనుభవం ఉన్నా ఇక్కడ స్థానిక ఆరోహకులతో మొదటి రోజు గడపకుండా ఎక్కడం మొదలుపెట్టవద్దు.

గద్దజాతి పక్షులు గూడు పెట్టే నెలల్లో ఆ గోడలను పూర్తిగా మూసేస్తారు. ఒక్కసారి బెదిరి గూడు వదిలితే గుడ్లు చల్లబడి ఆ ఏటి పిల్లలు పోతాయి.

అంచు దాకా వెళ్లి చూడొచ్చా?

రెయిలింగ్ లేని చోట అంచుకు మీ ఎత్తంత దూరం ఆగండి. ఇసుకరాతి అంచు కింద మెత్తటి పొర తినేసి ఉంటుంది కాబట్టి మీరు నిలబడింది గాలిలోకి చాచుకున్న పలక కావచ్చు. పైనుంచి అది తెలియదు. అంచున ఉన్న చెట్టును పట్టుకుని వంగడం ఇంకా తప్పు. స్తంభాల మీద మట్టి పల్చగా ఉంటుంది, వేళ్లు లోతుకు పోవు. రెయిలింగ్ ఉన్నా దాని మీద వాలి కూర్చోవద్దు. ఇనుప కడ్డీ గట్టిగానే ఉండొచ్చు, దాన్ని నాటిన రాయి కూడా అంతే గట్టిదని చెప్పలేం.

పేరు చెక్కితే, ఒక రాయి తోస్తే నిజంగా అంత నష్టమా?

అవును. పైపెచ్చు ఎలా ఏర్పడుతుందో తెలిస్తే ఇది అర్థమవుతుంది. లోపలి తేమ గోడ దగ్గరికి వచ్చి ఆవిరైనప్పుడు కరిగిన ఖనిజాలను అక్కడ వదులుతుంది. ఆ ఖనిజాలు, రాతికి మచ్చల్లా అంటుకుని పెరిగే లైకెన్లు, సూక్ష్మజీవులు కలిసి చాలా ఏళ్లలో కొన్ని మిల్లీమీటర్ల గట్టి పెచ్చును తయారుచేస్తాయి. దానికి ఇచ్చిన బలం లోపలి నుంచే వచ్చింది కాబట్టి పెచ్చు వెనకాల రాయి ముందుకన్నా మెత్తబడి ఉంటుంది. తాళంచెవితో రెండు అక్షరాలు గీస్తే ఆ గీత గుండా నీరు నేరుగా మెత్తటి భాగంలోకి వెళ్తుంది. కొన్నేళ్లకు అక్షరాలు పోతాయి, వాటి చోట గుంత ఉంటుంది. సిమెంటుతో పూడిస్తే ఇంకా పాడవుతుంది. సిమెంటు తేమను ఆపేసి, పక్కన ఉప్పు పేరుకునేలా చేస్తుంది.

తోసేయడం గురించి రెండు ఉదాహరణలు చాలు. అమెరికాలో యూటా రాష్ట్రంలోని గోబ్లిన్ వ్యాలీలో 2013లో కొందరు మెడ సన్నగా ఉన్న ఒక రాయిని చేతులతో తోసి పడేశారు. ఒరెగాన్‌లోని కేప్ కివాండాలో డక్‌బిల్ అనే పేరున్న రాయిని 2016 ఆగస్టులో అలాగే కూల్చారు. మెడ ఎంత సన్నగా ఉందో బట్టి కొద్దిమంది చేతుల బలం సరిపోతుంది. కోట్ల ఏళ్ల కిందటి ఇసుక అది. తిరిగి నిలబెట్టడం ఎవరివల్లా కాదు.

రాళ్ల మీద రాళ్లు పేర్చడం, గులకరాళ్లు, రంగు ఇసుక తీసుకెళ్లడం కూడా వద్దు. పేర్చడానికి ఎత్తిన ప్రతి రాయి కింద పురుగులు, బల్లులు బతుకుతుంటాయి, పైగా ఆ గుట్టలను దారి గుర్తులనుకుని ఇతరులు తప్పిపోతారు.

వానొస్తే రాతి చూరు కింద మంట వేసుకోవచ్చా?

వద్దు. దీనికి మినహాయింపు లేదు. పసుపు రంగు ఇనుప ఖనిజం 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీటిని కోల్పోయి ఎర్రబడుతుంది, ఆ మచ్చ శాశ్వతం. 573 డిగ్రీల దగ్గర ఇసుక రేణువుల్లోని క్వార్ట్జ్ అనే ఖనిజం నిర్మాణం మారి హఠాత్తుగా వ్యాకోచిస్తుంది. వేడెక్కిన పైపొర చల్లటి లోపలి రాయి నుంచి పెచ్చులుగా ఊడిపడుతుంది, ఒక్కోసారి మంట ముందు కూర్చున్నవాళ్ల మీదే. చూరు కిందికి వాన తగలదు కాబట్టి మసి ఎన్నాళ్లయినా కడుక్కుపోదు.

అడవి నిప్పు సంగతి వేరే చెప్పాలి. 2022 జులైలో చెక్ దేశంలోని బొహీమియన్ స్విట్జర్లాండ్ జాతీయ ఉద్యానంలో సుమారు వెయ్యి హెక్టార్ల మేర నిప్పు వ్యాపించింది. పైన్, స్ప్రూస్ ఆకుల మందపాటి పొర కింద నిప్పు పెద్దగా పైకి కనబడకుండా రోజుల తరబడి పాకుతుంది. నిట్టనిలువు గోడల మధ్య అక్కడికి నీటి గొట్టం చేరవేయడం ఎంత కష్టమో చూస్తే తెలుస్తుంది. సిగరెట్, చిన్న గ్యాస్ పొయ్యి కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

రాతి చిత్రాలు ఉన్న చోట ఏం పాటించాలి?

చూరు కింద వాన తగలని గోడలు మనుషులకు పురాతన కాలం నుంచీ ఆశ్రయాలు. భారత్‌లోని భీమ్‌బెట్కా ఇసుకరాతి గుహల చిత్రాలను 1957లో వి.ఎస్. వాకణ్‌కర్ వెలుగులోకి తెచ్చారు, 2003లో వాటికి యునెస్కో గుర్తింపు వచ్చింది. చిత్రాన్ని ముట్టుకోవద్దు, చేతి నూనె, చెమటలోని ఉప్పు రెండూ హానే. రంగు బాగా కనబడాలని నీళ్లు చల్లడం ఒక చెడ్డ అలవాటు. ఆ నీరు లోపలి లవణాలను కరిగించి, ఆరేటప్పుడు రంగు వెనకే స్ఫటికంగా చేరుస్తుంది, రంగు పొరలుగా రాలుతుంది. ఫ్లాష్ ఆపేయండి. నేల మీద దుమ్ము లేపకుండా నెమ్మదిగా నడవాలి, లేచిన దుమ్ము చిత్రం మీదే వాలుతుంది.

రాళ్లు కూలిపడే ప్రమాదం ఎంత? ముందే తెలుస్తుందా?

ఒక మనిషికి ఒక రోజులో ప్రమాదం చాలా తక్కువ, కానీ హెచ్చరిక లేకుండా వస్తుంది. అమెరికాలోని ఆర్చెస్ జాతీయ ఉద్యానంలో వాల్ ఆర్చ్ అనే తోరణం 2008 ఆగస్టులో ఒక రాత్రి కూలిపోయింది. ముందు రోజు దాకా దాని పక్కనే జనం నడిచారు. ఐరోపాలో అతిపెద్ద సహజ ఇసుకరాతి తోరణం చెక్ దేశంలోని ప్రావ్‌చిట్సే ద్వారం. దాని కింది వెడల్పు 26.5 మీటర్లు. జనం పైకెక్కి నడవడం వల్ల అరుగుతోందని 1980 నుంచి దాని మీదికి ఎవరినీ వదలడం లేదు.

మీరు చేయగలిగింది ఇది. గోడ అడుగున తాజాగా విరిగిన, నాచు పట్టని, లేత రంగు ముక్కలు కనిపిస్తే అక్కడ ఆగకండి, భోజనానికి కూర్చోవద్దు. ఇసుక సన్నటి ధారగా రాలుతున్న చప్పుడు వింటే పైకి చూస్తూ నిలబడకుండా గోడకు దూరంగా జరగండి. ఎండిన చెట్లు రాళ్ల కన్నా తరచుగా పడతాయి. బెరడు పురుగు తినేసిన స్ప్రూస్ చెట్లున్న చోట గాలి రోజుల్లో వెళ్లకపోవడమే మంచిది.

పిడుగులు, వరదలు వస్తే?

ఉరుము వినిపిస్తే వీక్షణ వేదికల నుంచి, ఇనుప నిచ్చెనల నుంచి దిగిపోవాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాల దాకా మళ్లీ ఎక్కవద్దు. లోతు లేని రాతి చూరు ఆశ్రయం అనిపిస్తుంది కానీ విద్యుత్తు గోడ వెంట దిగుతూ చూరు అంచు నుంచి నేలకు దూకుతుంది, మధ్యలో మీరుంటారు.

సన్నటి లోయల్లో వరద వచ్చేది మీ నెత్తిన పడ్డ వాన వల్లే కానక్కర్లేదు. అమెరికాలోని ఆంటిలోప్ కాన్యన్‌లో 1997 ఆగస్టులో పైన ఎక్కడో కురిసిన వానకు 11 మంది చనిపోయారు. వాతావరణ సూచన చూసేటప్పుడు వాగు పుట్టే చోటు కూడా చూడాలి. నీరు హఠాత్తుగా బురద రంగుకు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా వచ్చిన దారి వైపు పరిగెత్తకుండా దగ్గర్లోని ఎత్తుకు ఎక్కండి.

తేనెటీగలు, పాములు, పిడుదులు?

దక్షిణ, ఆగ్నేయ ఆసియాల్లో పెద్ద కొండతేనెటీగలు రాతి చూరులకే పట్టు పెడతాయి. పొగ, ఘాటైన సెంటు, రాయి విసరడం, డ్రోన్ చప్పుడు వాటిని రేపుతాయి. మీద పడితే తల, ముఖం కప్పుకుని తిన్నగా దూరం పరిగెత్తండి, చేతులు ఊపకండి, నీళ్లలో దూకవద్దు, అవి పైనే కాచుకుని ఉంటాయి. తల దాచుకోగల వాహనమో గదో దొరికాక ముళ్లు వెంటనే తీసేయాలి. ఎలా తీశారన్న దానికన్నా ఎంత త్వరగా తీశారన్నది ముఖ్యం. ఊపిరి ఆడకపోయినా, పెదాలు వాచినా, చాలా కాట్లు పడినా ఆసుపత్రికి వెళ్లాలి.

పాములు ఎండకు కాగిన నెర్రెల్లో ఉంటాయి. కంటికి కనబడని చోట చెయ్యి పెట్టవద్దు. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, పీల్చడం ఏదీ చేయకుండా ఆ అవయవాన్ని కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చాలి.

పిడుదులు గడ్డి అంచుల్లో అంటుకుంటాయి. రాత్రి మోకాళ్ల వెనక, గజ్జల్లో, చెవుల వెనక వెతికి, సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగండి.

ఫొటోలకు మంచి వేళ ఏది? డ్రోన్ ఎగరేయవచ్చా?

విడి స్తంభాలకు ఉదయం, సాయంత్రం పక్కవెలుగు. పొరలు, గుంతలు అప్పుడే తేలతాయి. సందులకు మాత్రం మధ్యాహ్నం, వెలుగు అడుగు దాకా దిగేది అప్పుడే. మబ్బు పట్టిన రోజున నాచు పచ్చదనం, రాతి ఎరుపు రెండూ కలిసి వస్తాయి. ఎత్తు తెలియాలంటే దూరంగా ఒక మనిషిని ఫ్రేములో ఉంచండి. మూడు కాళ్ల స్టాండును సందు మధ్యలో పెట్టి దారి ఆపవద్దు. రక్షిత అడవుల్లో డ్రోన్లు దాదాపు అన్నిచోట్లా నిషేధం.

ఎవరైనా గాయపడితే, లేదా రాయిని పాడుచేస్తుంటే ఎవరికి చెప్పాలి?

ఐరోపాతో పాటు భారత్‌లోనూ అత్యవసర నంబరు 112. మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా చుట్టుపక్కల మరో నెట్‌వర్క్ అందితే ఆ కాల్ వెళ్తుంది. సందులో అందకపోతే ఒకరు గాయపడినవాళ్ల దగ్గర ఉండి, మరొకరు ఎత్తు మీదికి వెళ్లాలి. దారి గుర్తు పలకల మీద నంబర్లు ఉంటే చివరగా చూసిన నంబరు చెప్పండి, జీపీఎస్ అంకెల కన్నా అది నమ్మకం. ఏ నిచ్చెనకు పైనో కిందో కూడా చెప్పాలి, స్ట్రెచర్ ఏ వైపు నుంచి తేవాలో దాన్నిబట్టి తేలుస్తారు.

రాయిని పాడుచేస్తున్నవాళ్లతో వాదనకు దిగవద్దు. సమయం, చోటు రాసుకుని, వీలైతే దూరం నుంచి ఫొటో తీసి అటవీ సిబ్బందికి ఇవ్వండి. కొత్తగా పడిన నెర్రె, తాజాగా రాలిన రాళ్లు, వదులైన రెయిలింగ్ కనిపించినా అదే చేయండి. పోల్చుకోవడానికి పక్కన ఒక నాణెమో చేతి కర్రో పెట్టి ఫొటో తీస్తే, మరుసటి నెల అది పెరిగిందో లేదో వాళ్లు కొలవగలుగుతారు.